కండక్టరమ్మ చేతివాటం

“ఇది వినండి మేడమ్. ‘ఏకబిగిన చదివేశాను, రెండో భాగం ఎప్పుడు?’ అని అడుగుతోంది ఒకావిడ,” అన్నాడు పబ్లిషరు ఫోన్ చూస్తూ. “ఇంకొకాయనకేమో మీ దయ్యాల సిటీబస్సు డిపో దాటకముందే కునుకు పట్టిందట.”

రచయిత్రి నవ్వింది. నవల మొదటి భాగం వచ్చి మూడు నెలలైంది. పొగిడినవాళ్ళూ తిట్టినవాళ్ళూ అందరూ ముక్కూమొహం తెలియనివాళ్ళే. నా అనేవాడు అన్నయ్య ఒక్కడే. అమ్మ చనిపోయిన ఏడాది మాటామాటా పెరిగింది. ఆరేళ్ళుగా ఫోన్ కూడా లేదు.

“ఈయనెవరో మరీ పనీపాటా లేనివాడు. ఒక్కటే స్టార్ ఇచ్చాడు. ‘బస్సులో కండక్టరమ్మ కుడిచేత్తో టికెట్టు చింపడమేంటి? ఆవిడది ఎడమచేతి వాటం. గుర్తులేకపోతే రాయడం మానెయ్యాలి’ అంటాడు. మీరు పుట్టించిన దయ్యానికి ఈయన చేతివాటం చెప్తాడేంటండీ! తీయించేద్దామా?”

ఆమె చేతిలో టీ గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేసిన అమ్మ, టికెట్లు చింపింది ఎడమచేత్తోనే. ఆ సంగతి తనెలా మరిచిపోయింది?

“పేరు పెట్టారా?”

“లేదు మేడమ్.”

“ఉండనివ్వండి,” అని తన ఫోన్ తీసి, ఆ ఒక్క స్టార్ కింద జవాబు రాసింది.

“తప్పు నాదే. రెండో భాగం అచ్చుకి వెళ్ళేముందు ఒకసారి చూసిపెడతావా, అన్నయ్యా?”