జాబితాలో చివరి పేరు

“నర్సును పక్క వార్డుకు మార్చమంటే పక్క ఊరికి పంపేశావు. పైగా తప్పు మౌస్‌దంటావా?” అంటూ మేనేజరు టైపిస్టును లేపి, ఆమె కుర్చీలో తానే కూర్చున్నాడు.

“జాబితాలో ఒకటి ఎంచుకున్నాక మౌస్ చక్రం తిప్పితే పేజీ కదలదు సార్, ఎంచుకున్నదే మారిపోతుంది.” ఆరు నెలలుగా ఆమె ఇదే మొరపెట్టుకుంటోంది.

“కళ్ళు నెత్తికెక్కితే అన్నీ మారతాయి. నీ సస్పెన్షన్ ఆర్డరు నేనే కొడతా, చూసి నేర్చుకో.”

ఉద్యోగుల జాబితాలో ఆమె పేరు నొక్కాడు. అడుగునున్న బటన్ కోసం దర్జాగా చక్రం తిప్పాడు. పేజీ కదల్లేదు. కసిగా ఇంకా తిప్పాడు. ఆయన చూడకుండానే పేరు మీద పేరు జారిపోయింది. చివరికి తెర పక్కనున్న పట్టీ పట్టుకుని పేజీని కిందికి లాగాడు.

జాబితా చివర ఎవరి పేరుందో టైపిస్టుకు తెలుసు.

“నొక్కేముందు ఒక్కసారి పైకెళ్ళి చూడండి సార్.”

“నాకు పాఠాలు చెప్పకు.” నొక్కేశాడు.

ప్రింటర్ కాగితం కక్కింది. ఆయన చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. సస్పెండైంది తనే.

“నేను నీ పేరే నొక్కానమ్మా.” ఆయన గొంతు మొదటిసారి దిగింది. “నువ్వు చూశావుగా?”

“చూశాను సార్. నేను నర్సుకు పక్క వార్డే నొక్కినప్పుడు మాత్రం ఎవరూ చూడలేదు.”