ముందు సీటు బెల్టు

ప్రణతి తండ్రి సదాశివరావు పోయి నెల దాటింది. అప్పటి నుంచి ఆయన పెంచిన కుక్క మిర్చి సరిగా తినడం లేదు, ఎవరిని చూసినా తోక ఊపడం లేదు. జైపూర్‌లో అక్క దగ్గరైనా కోలుకుంటుందేమోనని, తెల్లవారగానే దాన్ని కారులో తీసుకెళ్లాలనుకుంది ప్రణతి.

ఆ రాత్రి గురుగ్రామ్‌లోని తమ టవర్ బేస్‌మెంట్‌లో ఒక్కతే కారు సర్దింది. నీళ్ల క్యాను, తిండి డబ్బా, పాత దుప్పటి డిక్కీలో పెట్టింది. కాస్త అలవాటవుతుందని మిర్చిని వెనక సీటులో కూర్చోబెట్టి, పెట్రోలు ఎంతుందో చూద్దామని ఇంజను ఆన్ చేసింది.

టింగ్, టింగ్‌మని మోత మొదలైంది. పక్క సీటులో కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత అది. సీటు ఖాళీగా ఉంది.

పైన ఫ్లాట్‌లో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"సీటు మీద బ్యాగేమైనా పెట్టావా?" అన్నాడు సుధీంద్ర.

"ఏమీ లేదు సుధీ. ఖాళీ సీటే."

"సెన్సర్ పోయుంటుందిలే. బెల్టు లాగి పెట్టెయ్, ఆగిపోతుంది. ఠీక్ హై?"

ఫోన్ పెట్టేసరికి వెనక టపటపమని చప్పుడు. మిర్చి ముందున్న ఖాళీ సీటు వైపు మెడ చాచి, నెల తర్వాత మొదటిసారి తోక ఊపుతోంది.

ప్రణతి ఆ సీటు బెల్టు లాగి నొక్కింది. మోత ఆగిపోయింది.

బెల్టు మాత్రం సీటుకు ఆనలేదు. జానెడు ఎత్తున, ఎవరి పొట్ట మీదో ఆగినట్టు నిలిచి, మెల్లగా లేచి దిగుతోంది.

"నాన్నా?" అంది ప్రణతి.

మిర్చి తోక ఆగిపోయింది. అది వెనక్కి జరిగి, ఆ సీటు వైపే పళ్లు బయటపెట్టి గుర్రుమంది.