వైఫైకి పెట్టిన వాక్యం

శనివారం సాయంత్రం చర్చి ఆఫీసులో ప్రింటరు వైఫైకి కలవనని మొరాయించింది. పాస్టరు ప్రేమ్ కుమార్ అయ్యగారు రేపటి ప్రసంగం ఇరవై పేజీలు టైపు చేసుకున్నారు. చేతిలో కాగితం లేకపోతే ఆయనకు నోరు పెగలదు.

సండే స్కూల్ టీచరు కృపారాణి ప్రింటరు ఆపి మళ్ళీ ఆన్ చేసింది. రౌటరు ప్లగ్గు పీకి పెట్టింది. పాస్‌వర్డుగా పెట్టుకున్న బైబిలు వాక్యం పేరు, అంకెలు మళ్ళీ కొట్టింది.

"తప్పంటోందండి అయ్యగారూ."

"పోనీ ప్రార్థన చేయమంటావా?" అన్నారాయన బెంగగా.

"సోమవారం మెకానిక్‌ని పిలుద్దామండి."

ఆదివారం ఆయన ఉత్త చేతులతో నిలబడ్డారు. కాలవలో తనకు ఈత నేర్పిన నాన్న గురించి చెప్పి, అరగంటలో ముగించారు. ఒక్కరూ కునుకు తీయలేదు. ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందులో సంఘమంతా మొదటిసారి వేడివేడి బిర్యానీ తిన్నది.

కృపారాణి వడ్డిస్తుంటే అయ్యగారు ప్లేటుతో వచ్చారు.

"నువ్వెళ్ళాక ప్రింటరు తెర మీద చూసి సరిచేస్తే కలిసిందమ్మా. యోహాను మూడు పదహారు కొట్టాల్సిన చోట మూడు పదిహేడు కొట్టావు. పిల్లలందరికీ ఆ వాక్యం కంఠతా పట్టించింది నువ్వే కదా."

గరిటె గాల్లో ఆగిపోయింది.

"మరి ఆ కాగితాలు ఏవండీ?"

"ఇంట్లోనే వదిలేసి వచ్చాను. రాత్రి చదువుకుందామని కూర్చుంటే మూడో పేజీకే నాకు నిద్ర పట్టేసింది."

ఆయన ప్లేటు ముందుకు చాపారు.

"వచ్చే శనివారం కూడా పాస్‌వర్డు నువ్వే కొట్టమ్మా."