వాటా లేనివాడు

"నా తమ్ముడి తరఫున ముక్కూమొహం తెలీనివాడెవడో సంతకం పెడతానంటే నేనొప్పుకోను" అంటూ అల్బీనా హోలుబ్ కోర్టు హాల్లో లేచి నిలబడింది.

జడ్జి ఓర్సాక్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చిన్నప్పుడు చర్చిలో ఆమె దగ్గర జపాలు నేర్చుకున్నవాడు. డెబ్బై దాటిన ఆ పెద్దావిడను గదమాయించి కూర్చోబెట్టడానికి నోరు రాలేదు.

గొడవ చమురు గురించి. హోలుబుల పొలం కింద చమురు పడింది. ఆ నేల కింది హక్కులో సగం అల్బీనాది, సగం తమ్ముడు వెండెలిన్‌ది. తండ్రితో మాటామాటా పెరిగి వెండెలిన్ పంతొమ్మిదో ఏట గడప దాటాడు. నలభై నాలుగేళ్లయింది, జాడ లేదు. అలాగని టెక్సస్ చట్టం చమురు కంపెనీని చేతులు ముడుచుకుని కూర్చోమనదు. వెతకాల్సినంత వెతికినా మనిషి దొరకలేదని రుజువు చేస్తే చాలు, కోర్టు ఒక రిసీవరును పెడుతుంది. దొరకని మనిషి బదులు ఆ రిసీవరు చమురు తవ్వుకునే లీజు మీద సంతకం చేస్తాడు.

కంపెనీ తరఫున హ్యూస్టన్ నుంచి వచ్చిన లాయరు కోల్విన్, తాము వెతికిన వెతుకులాటంతా ఒక కట్టగా కట్టి తెచ్చాడు. నాలుగు రాష్ట్రాలకు రాసిన ఉత్తరాలు, పేపర్లో వేయించిన ప్రకటనలు అన్నీ అందులో ఉన్నాయి. పద్ధతి ప్రకారం బంట్రోతు వరండాలోకి వెళ్లి వెండెలిన్ పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. రిసీవరుగా తనకు తెలిసిన కుర్ర లాయరును పెట్టమని కోల్విన్ అడిగాడు. అల్బీనా లేచింది అప్పుడే.

డబ్బు ఆమెకు పట్టలేదు. ఆ సంతకం పడితే వెండెలిన్ దొరకడని ఊరూ కోర్టూ కలిసి ఒప్పేసుకున్నట్టే. తల్లి పోయాక ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. వాడి మీద ఆశ వదులుకోవడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

చట్టం ముందు తన చేతుల్లో ఏమీ లేదని జడ్జి నచ్చజెప్పాడు. ఎవరో ఒకరు సంతకం పెట్టక తప్పదు. "పోనీ, ఎవర్ని పెట్టమంటారో మీరే చెప్పండి అల్బీనాగారూ."

ఆమె ఫాదరు గారి పేరు చెబుతుందని అందరూ అనుకున్నారు.

"రేని పెట్టండి" అంది.

హాల్లో నవ్వులు పుట్టాయి. రే అంటే కోర్టు ఎదురుగా ఉన్న చర్చి ఊడ్చి, గంట కొట్టే మనిషి. ఆరేళ్ల కిందట బస్సు దిగి ఫాదరును పని అడిగాడు, అప్పట్నుంచి చర్చి వెనక గదిలోనే మకాం. తొడుక్కొచ్చిన పాత చొక్కా జేబు మీద ఆ పేరు కుట్టి ఉంటే, ఊరు దాంతోనే పిలిచింది. అడిగితే ఒక మాట, లేకపోతే అదీ లేదు. బైబిలు మీద ప్రమాణం చేసి అబద్ధమాడితే కళ్లు పోతాయని నమ్మే పాతకాలం భక్తుడు.

చీపురు చేతిలో ఉండగానే బంట్రోతు అతన్ని లాక్కొచ్చాడు. సంగతి విని రే రెండడుగులు వెనక్కి వేశాడు. తనకు చదువు లేదన్నాడు, కోర్టులంటే భయమన్నాడు, ఇంకెవరినైనా చూసుకోమన్నాడు.

"చదువు సంగతి జడ్జిగారు చూసుకుంటారు. నువ్వు నిజం చెప్తే చాలు" అంది అల్బీనా.

కోల్విన్ అభ్యంతరం చెప్పలేదు. ఎవరి చెయ్యైతేనేం, ఈ పూట సంతకం పడితే చాలు అతనికి. పైగా రే లీజులో ఏముందని అడిగే మనిషిలా లేడు.

జడ్జి బైబిలు తెప్పించాడు. రిసీవరయ్యే మనిషికి ఆ ఆస్తితో ఏ సంబంధమూ ఉండకూడదని, ముందు ఆ మాట ప్రమాణం చేయాలని రేకు విడమరిచి చెప్పాడు. "కుడిచెయ్యి ఎత్తి నా వెనకే చెప్పు. ఈ ఆస్తిలో నాకు ఎలాంటి వాటా లేదు."

రే చెయ్యి ఎత్తాడు. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. వినపడలేదేమోనని జడ్జి మళ్లీ చెప్పాడు.

"ఉత్త లాంఛనమేనయ్యా, అనెయ్" అన్నాడు కోల్విన్ విసుగ్గా.

రే తల తిప్పి అల్బీనా వైపు చూశాడు. ఆమె రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"అనలేనండీ" అన్నాడు.

ఎందుకని జడ్జి అడిగాడు. అల్బీనా వచ్చి, రే దించిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అనలేవని తెలిసేరా తమ్ముడూ, నిన్ను పెట్టమన్నాను."