పథ్యం పదమూడో రోజు

పాపమ్మ విస్తట్లో గరిటెడు పెరుగు పడింది. పక్కన కూర్చున్న కోడలు రాధాకుమారి ఆమె వైపు వంగింది.

"వద్దత్తా. ఇంకొక్క రోజేగదా పథ్యం," అంది, ఎవరికీ వినపడకుండా.

కొమరోలులో పాపమ్మ చెల్లెలు గురమ్మ ఇంట గృహప్రవేశం భోజనాలు. రాకపోతే మాట పడాలని వచ్చారు. అయోడిన్ లేని ఉప్పుతో వండిన అన్నం, కూర రాధాకుమారి ఇంటి నుంచే డబ్బాలో తెచ్చింది. ఎల్లుండి హైదరాబాదులో అత్తకు అయోడిన్ మందు మింగిస్తారు. అందాకా పాలు, పెరుగు, గుడ్డు, చేప, ప్యాకెట్ ఉప్పు ముట్టకూడదు. వాటిలోని అయోడిన్ ఒంట్లో చేరితే, ఆపరేషన్ చేసినా గొంతులో మిగిలిపోయిన క్యాన్సర్‌కు మందు సరిగా పట్టదన్నారు డాక్టర్లు.

క్యాన్సర్ అన్న మాట మాత్రం అత్తకు చెప్పలేదు. ఉత్త గడ్డేనని నమ్మించారు.

"పదమూడు దినాలాయె. నోరు చచ్చిపోయింది," అంటూ పాపమ్మ పెరుగు కలిపింది.

రాధాకుమారి ఆమె మణికట్టు పట్టుకుంది.

"తిననీయే! మా అక్కకు పెరుగు గూడా కరువు చేస్తివా?" గురమ్మ గొంతు లేచింది. పంక్తి మొత్తం ఇటు తిరిగింది.

నిజం చెబుదామంటే పక్కనే అత్త. చెప్పకపోతే ముద్ద లోపలికి.

"అత్తా, నా మాట ఇను..."

పాపమ్మ చెయ్యి విడిపించుకుంది. ముద్ద పెదాల దాకా వెళ్లింది.

రాధాకుమారి ఆ చేతిమీద ఒక్కటి వేసింది. పెరుగన్నం ఎగిరి గురమ్మ పట్టుచీర మీద పడింది.

"అత్తమీద చెయ్యి చేసుకుంటావటే! లేచి పో నా ఇంట్లోంచి!"

రాధాకుమారి పాపమ్మ చెయ్యి కడిగి, రెక్క పట్టుకుని బయటికి నడిపించింది.

గిద్దలూరు బస్సెక్కాక రాధాకుమారికి ఏడుపు ఆగలేదు. "తప్పయిపోయిందత్తా. కావాలని కొట్టలే."

పాపమ్మ కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. "ఎందుకు కొట్టినావో తెలుసులే. ఆ ఆస్పత్రిలో నా పక్క మంచాలన్నీ క్యాన్సరోళ్లవే. నాకొక్కదానికే ఉత్త గడ్డంట!"

రాధాకుమారి బిత్తరపోయింది. "అన్నీ తెలిసి... పెరుగెందుకు తినబోయినావత్తా?"

పాపమ్మ కిటికీ వైపు తిరిగింది.

"నేను బతకాలని నీకుందో లేదో చూద్దామని."