నలభై ఏడో నెంబరు ఇల్లు

“గ్లేబ్ పెళ్ళయినవాడే. కావాలంటే రాసిస్తాను, కింద సంతకం కూడా పెడతాను,” అంది పక్క గదిలో దిగిన పొలీనా పిన్ని, టీ గ్లాసులో మూడో చక్కెర బిళ్ళ వేసుకుంటూ. “సముద్రం ఒడ్డున ఈ విశ్రాంతి గృహానికి సెలవుల కోసం వచ్చిన మగాడు మూడు వారాలైనా ఇంటి చిరునామా బయటపెట్టలేదంటే, ఆ ఇంట్లో పెళ్ళాం ఉన్నట్టే.”

“నేనూ చెప్పలేదుగా పిన్నీ,” అంది రిమ్మా.

“నువ్వు ఆడపిల్లవి. అడిగించుకుని చెప్పాలి.”

రిమ్మా తల దించుకుంది. ఎంత అడిగినా చెప్పగలిగే చిరునామా ఆమెకు లేదు. ఉరల్ కొండల దగ్గర ఆమె ఉండే ఊరు ఏ పటంలోనూ కనిపించదు. చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సైనికులు. బాంబుల్లోకి వెళ్ళే సరుకు తయారయ్యేది అక్కడే. రొట్టెకు, మాంసానికి వరస కట్టక్కర్లేని ఊరు. నడి చలికాలంలోనూ కొట్లలో కమలాపళ్ళుంటాయి. దానికి బదులుగా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఎవరడిగినా దగ్గర్లోని ఏదో ఒక పెద్ద పట్నం పేరు చెప్పాలి. రిమ్మా చెల్యాబిన్స్క్ అని చెప్పేది. నోరు జారితే జైలు.

గ్లేబ్ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. జేబులోంచి కమలాపండు తీసి, తొక్క తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచి రిమ్మా ముందు పెట్టాడు.

“అబ్బో! స్వెర్ద్‌లోవ్‌స్క్ గడియారాల ఫ్యాక్టరీలో ఇది కూడా నేర్పుతారా?” అంది పొలీనా. “మా ఊళ్ళో పిల్లలు తొక్కతోనే కొరికేస్తారు, ఒలవాలని తెలీక.”

గ్లేబ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. “గోడౌన్లో స్నేహితుడొకడున్నాడు పిన్నీ.”

చూశావా అన్నట్టు పొలీనా కన్ను గీటింది. కమలాపండు ఒలవడంలో వింతేముందో రిమ్మాకు బోధపడలేదు.

అంతలో రేడియో గట్టిగా మోగింది. ఉత్తరాన మంచుదీవి మీద మన వాళ్ళు ఇంతకు ముందెన్నడూ లేనంత పెద్ద బాంబు పేల్చారట. భోజనశాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పదవీ విరమణ చేసిన తపాలా అధికారి ఒకాయన గ్లాసు పైకెత్తి, “ఇక అమెరికావాడికి కంటిమీద కునుకుండదు! అగ్రరాజ్యమంటే ఇదీ!” అని అరిచాడు.

రిమ్మా, గ్లేబ్ కూడా చప్పట్లు కొట్టారు. కొట్టి, సముద్రపు ఒడ్డుకు నడిచారు.

“ప్రపంచమంతా మనల్ని చూసి భయపడుతోంది. నాకేమో రేపటి రైలంటే భయం,” అన్నాడు గ్లేబ్. “నీ చిరునామా ఇవ్వు రిమ్మా.”

మూడు వారాల్లో అతను ‘నువ్వు’ అనడం అదే మొదలు. ఆమె పని గురించి గానీ ఊరి గురించి గానీ ఒక్కనాడూ తరిచి అడగలేదు. ఆ మర్యాదకే ఆమె మనసు కరిగింది.

చెల్యాబిన్స్క్‌లో ఒక వీధి పేరు, నోటికొచ్చిన నెంబరు రాసిచ్చింది.

“నువ్వూ రాయి.”

అతను ఆమె మొహంలోకి చూడకుండా రాశాడు: స్వెర్ద్‌లోవ్‌స్క్, బెర్యోజొవయా వీధి, 47.

“ఉత్తరాలు రాస్తావా?” అంది రిమ్మా.

“వారం వారం.”

అవి ఎవరి తలుపూ తట్టవని ఆమెకు తెలుసు.

తన ఊరికి తిరిగొచ్చాక ఆమె ఉత్తరం రాయలేదు. ప్రతి ఉత్తరాన్నీ విప్పి చదివే ఊరది. ఈసారి సెలవు దొరికితే తనే వెళ్ళి నిజం చెప్పాలనుకుంది. జనవరిలో పై అధికారి పిలిచాడు.

“సైబీరియాలో మనలాంటి ఊరే ఇంకొకటి లేస్తోంది. ప్రయోగశాలలో చెయ్యి తిరిగినవాళ్ళు కావాలి. నీకు పెళ్ళీ గిళ్ళీ లేవు కదా, సంతకం పెట్టు.”

“ఎన్నాళ్ళకండీ?”

“దేశానికి అక్కరున్నన్నాళ్ళు.”

“ఒకవేళ పెళ్ళి కుదిరితే?”

ఆయన నవ్వాడు. “కుదిరితే ఇక్కడే ఉండు. మొగుణ్ణి లోపలికి తెచ్చుకుంటానని అర్జీ పెట్టు. ఆదివారం సాయంత్రం దాకా గడువు, సరేనా?”

ఆదివారం తెల్లవారగానే గేటు దాటే పాసు తీసుకుని స్వెర్ద్‌లోవ్‌స్క్‌కు బయల్దేరింది. బెర్యోజొవయా వీధి దొరికింది. ఇళ్ళు మాత్రం ముప్పై ఒకటితో అయిపోయాయి. ఆ పైన గడ్డకట్టిన చెరువు.

“నలభై ఏడా?” అంది పారతో మంచు ఎత్తుతున్న ముసలామె. “నీళ్ళలో కాపురం ఎవరుంటారే తల్లీ? ఎవరు కావాలి?”

“గ్లేబ్. గడియారాల ఫ్యాక్టరీలో పని.”

“ఇక్కడ అలాంటి ఫ్యాక్టరీ ఎక్కడుంది?” ముసలామె పార ఆపింది. “ఏం పట్టుకుపోయాడు? డబ్బా?”

“డబ్బు కాదు.”

“అయ్యో. డబ్బైతే పోలీసులైనా వెతికేవాళ్ళు.”

తిరుగు బస్సులో రిమ్మా ఏడవలేదు. తనూ అబద్ధమే ఆడింది. కానీ తనది దేశం కోసం, అతనిది ఇంట్లో ఉన్న పెళ్ళాం కోసం. అలా అనుకుంటే కోపమైనా వస్తుందేమోనని చూసింది. రాలేదు.

గేటు దగ్గర కాపలా గదిలో నిలబడే బదిలీ కాగితం మీద సంతకం పెట్టింది.

“రేపు పొద్దున సైబీరియా వెళ్ళే బండిలో నా పేరు కూడా రాయండి.”

“మళ్ళీ ఎప్పుడు రావడం?” అన్నాడు కాపలా అతను.

“అక్కడికెళ్ళినవాళ్ళు రావడం మీరెప్పుడైనా చూశారా?”

అతను ఆమె పాసు తీసుకున్నాడు. “ఇవాళ అందరికీ ఏమైందో! ముందు బస్సులో చెల్యాబిన్స్క్ నుంచి వచ్చినాయనదీ ఇదే మొహం,” అని గొణుక్కున్నాడు.

రిమ్మా అప్పటికే తలుపు దాటి మంచులో నడుస్తోంది. కాపలా అతను ఆమె పాసును పళ్ళెంలో పడేశాడు.

దాని కిందున్నది గ్లేబ్ పాసు.