కాళమ్మ పెట్టె

అంచెట్టి దాటాక జీపు గతుకుల్లో నత్తనడక పట్టింది. అంబికకు ప్రాణం కుదురుగా లేదు. కేశవప్ప భార్య మంజుకు నొప్పులు మొదలయ్యాయని కబురు అందింది. ఆ ఇంట్లో ఇప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. ఈసారీ ఆడపిల్లే అయితే ఆ బిడ్డ బతకదు. ఆ కొండపల్లెలో అందరికీ తెలిసిన సంగతే అది, ఎవరూ పైకి అనరు.

అక్కడ బిడ్డలు చచ్చి పుడతారు. వింతేమిటంటే, మగబిడ్డలు మాత్రం ఎప్పుడూ అలా పుట్టరు. పురుడు పోసేది కాళమ్మ.

అంబిక మనసును కోసేది అదే. పిల్లల క్షేమం చూసే ఒక విదేశీ సంస్థ తరఫున ఈ చుట్టుపక్కల మంత్రసానులకు శిక్షణ ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఆమె చేతికింద నేర్చుకున్న మొదటి మనిషి కాళమ్మ. చేతులు కడుక్కోవడం, బొడ్డు కోయడం, పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబడకుండా చుట్టడం, అన్నీ దగ్గర కూర్చుని నేర్పింది. చివర్లో సంస్థ పంపిన అల్యూమినియం పెట్టెను తన చేతులతోనే ఇచ్చింది. మూరెడు పొడుగున తళతళలాడే పెట్టె. కాళమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

కొన్నాళ్లకే దాని మూత నిండా మేకుతో చిల్లులు పొడిచింది. ఇదేంటవ్వా అని అంబిక మందలిస్తే, "మూసిపెడితే గుడ్డలు ముక్కిపోతాయి తల్లీ" అంది. ఆ రోజు అంబిక నవ్వి ఊరుకుంది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

జీపు ఊళ్లోకి వెళ్లే పని లేకపోయింది. బస్సు ఆగేచోట, రోడ్డు పక్కనే కాళమ్మ నిలబడి ఉంది. రెండు చేతుల్లో పెట్టె. పక్కన కేశవప్ప, భుజం మీద పార. పారకు తడిమట్టి.

అంబిక జీపు దిగింది.

"ఏం బిడ్డ?"

"ఆడబిడ్డే మేడం." కేశవప్ప తలెత్తలేదు. "ఊపిరి లేకుండా పుట్టినాది. పూడ్చిపెట్టేసినాము."

"నువ్వు చూసినావా?"

"సచ్చి పుట్టిన బిడ్డ మొగం తండ్రి చూడకూడదు మేడం, మా ఇళ్లల్లో. చుట్టిన గుడ్డ విప్పకూడదు. అవ్వ చుట్టిచ్చినాది, నేను గుంత తీసినాను."

అంబిక కాళమ్మ వైపు తిరిగింది. ఎప్పుడూ అవ్వా అనే పిలిచేది. ఈసారి ఆ పిలుపుకు నోరు రాలేదు.

"కాళమ్మా, నేను నేర్పించింది దీనికేనా? కృష్ణగిరి ఆసుపత్రి వాకిట్లో సర్కారోళ్లు ఉయ్యాల కట్టినారు గదా. వద్దనుకున్న బిడ్డను ఆడ వేసిపోతే అడిగేవాళ్లు కూడా లేరే. ఆ మాట వీళ్లకు చెప్పినావా?"

"చెప్పినాను తల్లీ. ఆడ వేసినారని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేరంట. సచ్చి పుట్టినాదంటే ఎవురూ ఏమీ అనరు." కాళమ్మ కళ్లు రోడ్డు మలుపు మీదే ఉన్నాయి. "బస్సు ఇంకా రాలేదు."

"యాడికి?"

"కృష్ణగిరికి."

ఇలాంటి పురుడు పోసిన ప్రతిసారీ కాళమ్మ మొదటి బస్సుకే కృష్ణగిరికి పోతుందని అంబిక విని ఉంది. పాపం కడుక్కోవడానికి గుడికి పోతుందని కొందరంటారు. ముట్టిన సొమ్ముకు చీర కొనుక్కోవడానికని ఇంకొందరంటారు. అంబికకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పెట్టె ఇట్లా ఇయ్యి. ఇంక అది నీ చేతిలో ఉండకూడదు, కృష్ణగిరి ఆఫీసుకు తీసుకుపోతాను."

కాళమ్మ పెట్టెను గుండెకు హత్తుకుంది. ఓరగా కేశవప్పను చూసింది. "నేనూ నీ జీపులో వస్తాను తల్లీ. ఆడికి పోయినాక ఇస్తాను."

"నా జీపు ఎక్కొద్దు నువ్వు."

కాళమ్మ మళ్లీ మలుపు వైపు చూసింది. బస్సు జాడ లేదు. అంబిక ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెట్టె అందించి, మెడలోని దారానికున్న తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"యెనక సీట్లో పడెయ్యొద్దు తల్లీ. ఒళ్లో పెట్టుకో. తిరగబడనీయొద్దు, ఎండ తగలనీయొద్దు. తొందరగా పో. ఆడికి పోయినాకనే తెరువు."

"నాకు చెప్పేదానివి అయినావా?" అంబిక జీపెక్కి డ్రైవరు వైపు తిరిగింది. "శరవణా, బండి తియ్యి."

జీపు కదిలింది. వెనక్కి చూస్తే కాళమ్మ రోడ్డు మధ్యకొచ్చి నిలబడి ఉంది. ఖాళీ చేతులు ఇంకా పెట్టె పట్టుకున్నట్టే ఉన్నాయి.

గతుకు వచ్చినప్పుడల్లా అంబిక పెట్టెను అదిమి పట్టుకుంది. బరువుగానే ఉంది. లోపల ఏముంటుందో ఆమెకు తెలుసు. జిల్లేడు పాలో, వడ్లగింజలో, పసిగొంతుకు చాలినంత. అందుకే దారిలో తెరవదలచుకోలేదు. పైఅధికారి ముందర, పోలీసుల ముందర తెరవాలి. కాళమ్మను వదిలిపెట్టకూడదు.

కోపం ఎంతోసేపు నిలవలేదు. ఒక పూట ముందు వచ్చి ఉంటే ఆ బిడ్డ దక్కేది. ఆ ఆలోచన రాగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. కన్నీళ్లు మూత మీద పడి, చిల్లుల్లోంచి లోపలికి జారాయి. తుడవడానికి కూడా ఆమెకు చేతులు రాలేదు.

రాయకోట దగ్గర రైలు గేటు వేసి ఉంది. శరవణన్ ఇంజను ఆపాడు.

ఆ చప్పుడు అణగగానే, అంబిక ఒళ్లోని పెట్టె కేరుమని ఏడ్చింది.